ఇంటి దొంగ: హెచ్‌ఐవి, మన కణంలోని ప్రోటీనులు, ఒక చరిత్ర

హెచ్‌ఐవి అనే వైరసుకు ఉన్న ఆస్తి బహు స్వల్పం. సుమారు 9,700 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ పోగు, అందులో తొమ్మిది జన్యువులు, సొంతమని చెప్పుకోదగ్గ ఎంజైములు మూడు. మొదటిది ఆర్‌ఎన్‌ఏను చూసి డీఎన్‌ఏ రాస్తుంది. రెండవది ఆ డీఎన్‌ఏను తీసుకుపోయి మన క్రోమోజోములో అతికిస్తుంది. మూడవది పొడవాటి ప్రోటీనులను కావలసిన ముక్కలుగా కోస్తుంది. ఈ రోజున వాడుకలో ఉన్న మందులలో ఎక్కువ భాగం ఈ మూడింటి మీద గురిపెట్టినవే.

అయితే ఈ పరివారంలో అతి ముఖ్యుడైన ఒక పనివాడు లేడు. క్రోమోజోములో ఒదిగిపోయిన వైరసు జన్యువులకు మళ్ళీ ఆర్‌ఎన్‌ఏ నకలు తీసే లేఖరి వైరసు వద్ద లేడు. ఆ పని చేసిపెట్టేది మన కణమే. మన లేఖరి, మన కలం, మన సిరా. ఎప్పుడు రాయాలో, ఎంత రాయాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించే గుమాస్తాలు కూడా మన కణంలోని ప్రోటీనులే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత. ఈ దొంగ పుట్టుకతో ఇంటివాడు కాడు. కానీ ఒకసారి లోపలికి వచ్చాక ఇంటి మనుషుల చేతనే పని చేయించుకుంటాడు.

ఈ టపాలో నేను చెప్పబూనినది ఆ ఒక్క లోటు చుట్టూ నలభై ఏళ్ళుగా నడిచిన పరిశోధన కథ. ఇందులో నన్ను ఆకట్టుకున్న సంగతులు రెండు. వైరసును అర్థం చేసుకోబోయిన వారు అడుగడుగునా మన కణాన్నే కొత్తగా అర్థం చేసుకున్నారు. మందులకు ఇంత చక్కగా లొంగే ఈ జబ్బు పూర్తిగా ఎందుకు నయం కాదన్న ప్రశ్నకు సమాధానం కూడా ఈ కథలోనే ఉంది.

నగారా ఎవరిది?

లాస్ ఏంజెలెస్‌లో ఐదుగురు యువకులకు వచ్చిన అరుదైన న్యుమోనియా గురించి 1981 జూన్‌లో వెలువడిన చిన్న నివేదికతో ఎయిడ్స్ లోకం దృష్టికి వచ్చింది. 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఫ్రాన్స్వాజ్ బారె-సినూసి, లూక్ మోంటనియే బృందం వైరసును వెలికితీసింది. 1985 నాటికి దాని అక్షరాలన్నీ చదవడం పూర్తయింది. చదివిన వారికి దాని డీఎన్‌ఏ రూపానికి రెండు కొనల్లోనూ దాదాపు 630 అక్షరాల ముక్క ఒకటి యథాతథంగా కనిపించింది. నకలు తీయడానికి ఆరంభ స్థలం మొదటి కొనలో ఉన్న ఆ ముక్కే. మరి మన కణంలోని ఏ ప్రోటీనులు దాన్ని గుర్తుపట్టి లేఖరిని పిలుస్తాయి?

మొదటి సమాధానం 1986లో వచ్చింది. రాబర్ట్ టిజన్ బృందం అంతకు మూడేళ్ళ క్రితం ఎస్‌వి40 అనే కోతుల వైరసు మీద పనిచేస్తూ ఎస్‌పి1 అనే ప్రోటీనును కనుగొంది. అదే ప్రోటీను ఎయిడ్స్ వైరసు ఆరంభ స్థలంలో మూడు చోట్ల అంటుకుంటుందని కేథరిన్ జోన్స్, టిజన్ తదితరులు చూపించారు. ఈ కేథరిన్ జోన్స్ పేరు గుర్తుంచుకోండి, పన్నెండేళ్ళ తరువాత మళ్ళీ కనబడుతుంది.

ఎస్‌పి1 అన్ని కణాల్లోనూ ఉండేదే. కానీ వైరసు అన్ని వేళలా ఒకే తీరుగా పనిచేయదు. విశ్రాంతిలో ఉన్న టి-కణంలో అది మౌనంగా ఉంటుంది, టి-కణం మేల్కొంటే విజృంభిస్తుంది. ఈ తేడాకు కారణం పూర్తిగా వేరే ప్రశ్న అడుగుతున్న వారి దగ్గర దొరికింది. 1986లో అమెరికాలోని ఎంఐటిలో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ అనే ఇద్దరు, బి-కణాలు ప్రతిరక్షకాల జన్యువును ఎలా మేల్కొలుపుతాయో పరిశీలిస్తున్నారు. వైరసులలో ఆర్‌ఎన్‌ఏ నుండి డీఎన్‌ఏ రాసే ఎంజైము ఉందని 1970లో నిరూపించి, 1975లో నోబెల్ బహుమతి పంచుకున్న బాల్టిమోరే ఈయన. కప్పా అనే ప్రతిరక్షక జన్యువుకు అంటుకునే ఒక ప్రోటీను వారికి బి-కణాల కేంద్రకంలో కనిపించింది. అందుకే దానికి ఎన్‌ఎఫ్-కప్పా బి అని పేరు పెట్టారు. ఆ ఏడాదే మరో సంగతి తేలింది. ఆ ప్రోటీను మిగతా కణాల్లోనూ ఉంది, కాకపోతే నిద్రావస్థలో ఉంది. ఉద్దీపన కలిగిస్తే కొత్తగా తయారు కానక్కరలేకుండానే లేచి పనిలోకి దిగుతుంది.

1987లో గ్యారీ నేబెల్, బాల్టిమోర్ కలిసి అసలు ముడి విప్పారు. హెచ్‌ఐవి ఆరంభ స్థలంలో ఎన్‌ఎఫ్-కప్పా బి అంటుకోవడానికి రెండు తావులున్నాయి. వాటిని చెరిపివేస్తే, టి-కణం మేల్కొన్నా వైరసు మేల్కొనదు. మరుసటి ఏడాది ఆ నిద్ర సంగతీ తెలిసింది. మామూలు వేళల్లో ఎన్‌ఎఫ్-కప్పా బి కేంద్రకం వెలుపల మరొక ప్రోటీను పట్టులో ఉంటుంది. సూక్ష్మజీవి చొరబడిందన్న కబురు అందగానే ఆ పట్టు వీడి కేంద్రకంలోకి పరుగెత్తి, రక్షణకు కావలసిన జన్యువులను లేపుతుంది.

ఇందులోని విషాదం గమనించండి. టి-కణం మన సైనికుడు. యుద్ధానికి లేవమని అతని కోసం మోగే నగారాయే వైరసు చెవిన కూడా పడుతుంది. పోరాటానికి సిద్ధమైన కణమే వైరసుకు కార్ఖానా అవుతుంది.

ఆరంభించి ఆగిపోయే లేఖరి

నగారా మోగింది, లేఖరి వచ్చాడు. కథ అంతటితో ముగియలేదు. వైరసుకు టాట్ అనే ఒక చిన్న ప్రోటీను ఉందని 1985లోనే, అది లేకపోతే వైరసు పెరగలేదని 1986లోనే తెలిసింది. అది ఏం చేస్తుందన్నది మాత్రం పదేళ్ళకు పైగా వేధించిన చిక్కు.

జన్యువులను మేల్కొలిపే ప్రోటీనులు డీఎన్‌ఏకు అంటుకోవడం అప్పటికి తెలిసిన ధర్మం. టాట్ ఆ ధర్మానికి లొంగలేదు. అది అంటుకునేది అప్పుడే పుడుతున్న ఆర్‌ఎన్‌ఏకు. ఆ ఆర్‌ఎన్‌ఏ మొదటి 59 అక్షరాలు హెయిర్‌పిన్ను ఆకారంలో మడత పడతాయి. టార్ అని పిలిచే ఆ మడతే టాట్‌కు పీట. 1987లో మాతియా పీటర్లిన్ బృందం ఇంకొక విచిత్రాన్ని చూపింది. టాట్ లేనప్పుడు కూడా లేఖరి రాయడం మొదలుపెడతాడు. కానీ నాలుగు అక్షరాలు రాసి ఆగిపోతాడు. పొట్టి పొట్టి ఆర్‌ఎన్‌ఏ ముక్కలు మాత్రం మిగులుతాయి. టాట్ వచ్చి అతన్ని ముందుకు కదిలిస్తుంది. ఆరంభించడం ఒక ఎత్తు, కొనసాగించడం మరొక ఎత్తు అన్నమాట.

కదిలించేది ఎలా? ఇక్కడ కూడా దారి చూపినది వైరసుతో సంబంధం లేని పని. అయోవా విశ్వవిద్యాలయంలో డేవిడ్ ప్రైస్, పండ్ల మీద ముసిరే చిన్న ఈగల కణాలను రుబ్బి, ఆగిన లేఖరిని నడిపించే పదార్థం కోసం వెతుకుతున్నాడు. 1995లో నిక్ మార్షల్‌తో కలిసి దాన్ని శుద్ధి చేశాడు. దానికి పి-టెఫ్-బి అని పేరు. ఇది లేఖరికి ఫాస్ఫేటు తగిలించే ఎంజైము. ఫాస్ఫేటు తగిలితే లేఖరి కాళ్ళకున్న సంకెళ్ళు ఊడతాయి. మరొక పక్క 1993 నుండి క్రిస్టీన్ హెర్మన్, ఆండ్రూ రైస్ టాట్‌ను అంటిపెట్టుకుని ఉండే ఒక అజ్ఞాత ఎంజైమును వెంటాడుతున్నారు. 1997 నాటికి రెండు దారులూ ఒకే చోటికి చేరాయి. ఈగలో దొరికినదానికి మనిషిలో ఉన్న ప్రతిరూపమే టాట్ చంకన పెట్టుకున్నది.

ఇక ఎలుక చిక్కు. ఎలుక కణాల్లో టాట్ సరిగా పనిచేయదు. చిట్టెలుక జాతి కణాల్లోకి మనిషి 12వ క్రోమోజోమును ప్రవేశపెడితే పనిచేస్తుందని 1989 ప్రాంతంలోనే గమనించారు. ఆ క్రోమోజోము మీద ఏముందో దాదాపు పదేళ్ళు తెలియలేదు. 1998లో సాక్ సంస్థలో కేథరిన్ జోన్స్ బృందం సైక్లిన్ టి1 అనే ప్రోటీనును కనిపెట్టింది. అది పి-టెఫ్-బిలో ఒక భాగం, దాని జన్యువు ఉన్నది 12వ క్రోమోజోము మీదే. టాట్ చేయి కలిపేది ఈ ప్రోటీనుతోనే. మనిషి సైక్లిన్ టి1లో 261వ స్థానంలో సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది, ఎలుకలో ఆ స్థానంలో టైరోసిన్. ఆ ఒక్క మార్పుతో టాట్, టార్ల పొత్తు కుదరదు. కొన్ని వందల అమైనో ఆమ్లాలలో ఒక్కటి మారినందుకు వైరసు నోరు మూగబోతుందంటే, అది మన శరీరానికి ఎంత కొలతగా ఒదిగిందో ఊహించవచ్చు.

ఆగి ఉండే లేఖరి హెచ్‌ఐవికి మాత్రమే సంబంధించిన వింత అని ఒకప్పుడు అనుకునేవారు. ఈగల్లో వేడికి స్పందించే జన్యువుల వద్ద కూడా అలాగే ఆగి ఉంటాడని 1980లలో జాన్ లిస్ చూపాడు. 2007లో వెలువడిన పరిశోధనలతో అది ఈగల్లోనూ మనుషుల్లోనూ ఎన్నో జన్యువులకు వర్తించే సాధారణ పద్ధతి అని తేలిపోయింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టిన ఈ వైరసు, ఆ లెక్క మనకు కూడా నేర్పింది.

తాళం వేసిన పెట్టె, వేప కుటుంబపు చెట్టు

పి-టెఫ్-బి అంత శక్తిమంతమైనదైతే కణం దాన్ని విచ్చలవిడిగా వదలదు కదా! 2001లో రెండు బృందాలు, ఒకటి అమెరికాలోని బర్క్‌లీలో, మరొకటి ఫ్రాన్సులో, ఒకేసారి ఒకే సంగతి ప్రకటించాయి. కణంలో పుష్కలంగా ఉంటూ ఎందుకుందో ఎవరికీ అంతుపట్టని 7ఎస్‌కె అనే ఆర్‌ఎన్‌ఏ ఉంది. పి-టెఫ్-బిలో పెద్ద వాటాను పట్టి ఉంచే పెట్టె అదే. 2003లో ఆ పెట్టెకు తాళం కూడా దొరికింది, హెక్సిమ్1 అనే ప్రోటీను. టాట్ ఆ తాళం తీసి పి-టెఫ్-బిని బయటికి లాగి టార్ మీదికి తరలిస్తుంది. 2010లో మరికొంత తెలిసింది. టాట్ పి-టెఫ్-బి ఒక్కదాన్నే కాక, లేఖరి వేగం పెంచే మరికొన్ని ప్రోటీనులను కూడా జట్టుగా కూర్చి తెస్తుంది.

ఈ పి-టెఫ్-బి కథలో మన దేశపు చెట్టు ఒకటి ఉంది. డైసాక్సిలం బైనెక్టారిఫెరం అనే ఈ చెట్టు పశ్చిమ కనుమల్లో పెరుగుతుంది, వేప కుటుంబానికి చెందినది. దానిలో రోహితుకిన్ అనే ఆల్కలాయిడు ఉంటుంది. దాన్ని ఆదర్శంగా తీసుకుని 1980లలో హెక్స్ట్ కంపెనీ భారతీయ శాఖకు చెందిన రసాయనజ్ఞులు ఫ్లేవోపిరిడాల్ అనే పదార్థాన్ని తయారుచేశారు. అది పి-టెఫ్-బిని అమోఘంగా అడ్డుకుంటుందనీ, హెచ్‌ఐవి నకళ్ళను ఆపుతుందనీ 2000లో ప్రైస్, పీటర్లిన్ ప్రభృతులు చూపించారు. అయినా అది హెచ్‌ఐవి మందు కాలేదు, క్యాన్సరు మందుగానే పరీక్షలకు వెళ్ళింది. కారణం ఊహించగలరు. పి-టెఫ్-బి వైరసుది కాదు, మనది. దాన్ని ఆపితే మన జన్యువులూ ఆగుతాయి. దొంగ చేతిలోని తాళంచెవిని విరిచేస్తే ఇంటివాళ్ళు కూడా లోపలికి పోలేరు.

మౌనమే కోట

1996లో మూడు మందుల చికిత్స వచ్చాక రక్తంలో వైరసు పరీక్షలకు అందనంతగా తగ్గిపోయింది. కొన్నేళ్ళు వాడితే జబ్బు సమూలంగా పోతుందన్న ఆశ చిగురించింది. ఆ ఆశ 1997లో వాడిపోయింది. ఏళ్ళ తరబడి చికిత్స పొందిన వారి విశ్రాంత టి-కణాల్లో నిద్రిస్తున్న వైరసును మూడు బృందాలు విడివిడిగా చూపించాయి. సుమారు పది లక్షల విశ్రాంత కణాలకు ఒకటి. ఆ నిలవ సగానికి తగ్గడానికి దాదాపు 44 నెలలు పడుతుందని రాబర్ట్ సిలిసియానో బృందం లెక్కకట్టింది. ఆ చొప్పున పూర్తిగా హరించుకుపోవడానికి 60 ఏళ్ళు దాటుతాయి. ఒక మనిషి జీవితమంతా మాత్రలు మింగుతూ ఉండవలసిన కారణం ఈ అంకెలోనే ఉంది. ఆ వైరసును మందులు చూడలేవు, మన రక్షణ వ్యవస్థా చూడలేదు. ఏ ప్రోటీనూ తయారు చేయని వైరసుకు, మన డీఎన్‌ఏకు తేడా ఏముంది?

మరి ఆ మౌనాన్ని కాపలా కాసేది ఎవరు? అదీ మన ప్రోటీనులే. మన డీఎన్‌ఏ హిస్టోనులనే ప్రోటీను ముద్దల చుట్టూ కండెకు నూలు చుట్టినట్టు ఉంటుంది. వైరసు ఆరంభ స్థలం పక్కనే అటువంటి కండె ఒకటి ఖచ్చితమైన చోట కూర్చుని లేఖరి దారికి అడ్డుపడుతుందని 1993లో ఎరిక్ వెర్డిన్ బృందం కనుగొంది. హిస్టోనులకు ఎసిటైల్ గుంపులు తగిలితే చుట్టు వదులవుతుంది, ఊడదీస్తే బిగుస్తుంది. ఊడదీసే ఎంజైములను వైరసు వద్దకు పిలిచే ప్రోటీనులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. 2000లో వైవై1, ఎల్‌ఎస్‌ఎఫ్ అనే జంట. 2006లో బయటపడిన పేరు అందరినీ ఆశ్చర్యపరిచింది, పి50. ఇది ఎన్‌ఎఫ్-కప్పా బిలో ఒక సగం! పి65 అనే జతగాడితో కలిసి వస్తే వైరసును లేపేది ఇదే. జతగాడు లేక రెండు పి50లే కలిసి అదే తావులో కూర్చుంటే వైరసును జోకొట్టేది కూడా ఇదే. నగారా వాయించే చేయి, జోలపాడే నోరు ఒకే ఇంటివి.

ఇందులో అదృష్టానికి కూడా పాత్ర ఉంది. టాట్ కొద్దిగా తయారైతే నకళ్ళు పెరుగుతాయి, నకళ్ళు పెరిగితే టాట్ మరింత పెరుగుతుంది. మొదట్లో ఆ రెండు చుక్కల టాట్ పుట్టడమా, మానడమా అన్నది చాలావరకు యాదృచ్ఛికమని 2005లో లియోర్ వైన్‌బెర్గర్ తదితరులు చూపారు. ఒకే రకమైన కణాలు పక్కపక్కనే ఉండి, ఒకదానిలో వైరసు లేవవచ్చు, మరొకదానిలో నిద్రపోవచ్చు.

మన దగ్గరి వైరసు

మన దేశంలో హెచ్‌ఐవి మొదట బయటపడినది 1986లో, మద్రాసులో, సునీతి సోలమన్, సెల్లప్పన్ నిర్మల చేసిన పరీక్షల్లో. తరువాతి కాలంలో వ్యాప్తి ఎక్కువగా ఉన్న రాష్ట్రాల జాబితాలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా చేరింది. మన దేశంలో ఉన్నది అత్యధికంగా సి అనే ఉపజాతి. ప్రపంచంలోని హెచ్‌ఐవిలో దాదాపు సగం అదే. పాఠ్యపుస్తకాల్లోని వివరాలు చాలావరకు అమెరికా, ఐరోపాలలో ఉన్న బి ఉపజాతి మీద చేసిన పరిశోధనల నుండి వచ్చినవి. దానికి ఎన్‌ఎఫ్-కప్పా బి తావులు రెండు. సి ఉపజాతికి సాధారణంగా మూడు. బెంగుళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ కేంద్రంలో ఉదయ్‌కుమార్ రంగా బృందం మన దేశపు నమూనాలలో నాలుగు తావులున్న వైరసులు కూడా వ్యాపిస్తున్నాయని 2012లో ప్రకటించింది. తావు పెరిగిన కొద్దీ నకళ్ళు తీసే జోరు కూడా పెరిగిందని వారు చూశారు. మన నగారాను మరింత బాగా వినడానికి వైరసు ఇంకొక చెవి మొలిపించుకుంటోంది. ఎక్కడో రాసిన పాఠాన్ని అప్పగించుకుంటే చాలదు, మన ఊరి వైరసును మనమే చదువుకోవాలి అనడానికి ఇంతకన్న దృష్టాంతం అక్కరలేదు.

లేపి చంపాలా, జోకొట్టాలా?

కాపలాదారులు ఎవరో తెలిశాక రెండు ఆలోచనలు పుట్టాయి. ఒకటి, వైరసును లేపి, లేచిన కణాన్ని చంపడం. 2012లో డేవిడ్ మార్గోలిస్ బృందం వోరినోస్టాట్ అనే క్యాన్సరు మందును ఎనిమిది మందికి ఒక్క మోతాదు ఇచ్చి చూసింది. హిస్టోనుల ఎసిటైల్ ఊడకుండా ఆపే మందు ఇది. విశ్రాంత కణాల్లో వైరసు ఆర్‌ఎన్‌ఏ సగటున 4.8 రెట్లు పెరిగింది. నిద్ర చెదిరింది కానీ కణం చావలేదు, నిలవ తరగలేదు. వోరినోస్టాట్‌కు టీకాలను జోడించి 60 మందిపై చేసిన బ్రిటన్ పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. మామూలు చికిత్సకు, దానికి నిలవలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

రెండవది దీనికి తలకిందులు: టాట్‌ను అడ్డగించి, ఇక ఎన్నటికీ లేవనంత గాఢంగా నిద్రపుచ్చడం. సముద్రపు స్పంజి నుండి దొరికిన ఒక పదార్థానికి రూపాంతరంతో సుసానా వలెంటె బృందం 2012 నుండి ఈ దారిలో నడుస్తోంది. కణాల్లోను, ఎలుకల్లోను ఆశాజనకంగా ఉన్నా, మనుషుల చికిత్సగా ఇంకా రూపు దిద్దుకోలేదు.

రెండు దారుల్లో రెండవదాని వైపే నాకు మొగ్గు. టాట్ వైరసు సొత్తు కనుక దాన్ని కొట్టినా మన ఇంటి గోడకు దెబ్బ తగలదు. మొదటి దారిలో గురిపెట్టినవి మన హిస్టోనులు, మన ఎంజైములు. వాటిని కదిలిస్తే వేలాది జన్యువులు కదులుతాయి. ఈ చరిత్ర అంతా చెబుతున్న నీతి అదే కదా: వైరసు బలం దాని దగ్గర లేదు, మన దగ్గర అరువు తెచ్చుకున్నది. అందుకే దాని మీద వేసే ప్రతి వేటునూ మనల్ని తప్పించి వేయవలసి వస్తోంది.

ఈ వివరాలన్నీ చదువుతున్నంతసేపూ నాకు మరొక విషయం తోస్తూనే ఉంది. మన సమాజం ఈ జబ్బును చాలాకాలం నడవడికకు తీర్పుగా చూసింది, ఇప్పటికీ కొందరు అలాగే చూస్తున్నారు. కేంద్రకంలో జరిగే పనిలో ఆ తీర్పుకు చోటు లేదు. అక్కడున్నది టీకాకు లేచినట్టే వైరసుకూ లేచే ఎన్‌ఎఫ్-కప్పా బి, ఎవరి జన్యువైనా ఒకేలా నకలు తీసే లేఖరి. భర్త నుండి సోకిన ఇల్లాలి కణంలోను, తల్లి నుండి సోకిన పసివాడి కణంలోను అవే గుమాస్తాలు. 2004 ఏప్రిల్ 1 నుండి మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న మాత్రలు వారిని బ్రతికిస్తున్నాయి. క్రమం తప్పక వాడి, వైరసు పరీక్షకు అందనంత తగ్గినవారి నుండి లైంగికంగా ఇతరులకు అది సోకదు. వివక్షను నిషేధిస్తూ 2017లో వచ్చిన చట్టం 2018 సెప్టెంబరు నుండి అమలులో ఉంది.

మిగిలినది ఆ పది లక్షలలో ఒక్క కణం. ఈగలను రుబ్బినవాడు, ప్రతిరక్షకాలను చదివినవాడు, పనిలేని ఆర్‌ఎన్‌ఏ అనుకున్నదాని వెంటపడ్డవాడు, వీరెవరూ హెచ్‌ఐవి కోసం బయలుదేరలేదు. అయినా ఈ రోజు మనకు తెలిసినదంతా వారి చలవే. ఆ ఒక్క కణపు మౌనాన్ని ఛేదించే సంగతి కూడా బహుశా ఇప్పుడు ఏదో ప్రయోగశాలలో, వైరసు ఊసే లేని ప్రశ్న వెనుక నలుగుతూ ఉండవచ్చు.